కోటగోడ వరస గదులు

హలో… ఆ, నేనే. మీ అత్తగారు గుడ్డలు ఆరేస్తోంది. చెప్పండి, అల్లుడుగారూ. ఆర్నెల్లకి గుర్తొచ్చాం.

…

సముద్రమా. ఎందుకు?

… సరే. పిల్లలకి సెలవులు. విన్నాను. … అందరం అంటే, నేను కూడానా? … అది మీ ఆవిడ అనమంటే అంటున్నారు. గొంతులో తెలుస్తోందిలెండి.

… రెండు రిసార్టులున్నాయా. ఎక్కడెక్కడ? … ఒకటి దీపస్తంభం దగ్గర. … రెండోది పాతపట్నం దాటాక, కొండ మలుపులో.

— పేరు చెప్పక్కర్లేదు. తెలుసు.

దీపస్తంభం దగ్గరది తీసుకోండి.

… ఎందుకంటే ఏముంది. తీసుకోండంతే.

… నక్షత్రాలు మీరే లెక్కపెట్టుకోండి. నేనడగలేదు.

… కొండ మలుపుదానికి డబ్బు కట్టేశారా? ఏ గదులు? … మళ్లీ చెప్పండి.

… కోటగోడ వరస. గోడ కిందే అరుగు. పిల్లలకి ఉయ్యాల. ఎదురుగా సముద్రం. … మూడొందల ఏళ్ల గోడా. అలాగని రాశారా.

… నవ్వట్లేదు. దగ్గు.

కోట పాతపట్నంలో ఉంది, నిజమే. దాని రాయి ఒక్కటి కూడా అక్కడికి రాలేదు. ఆ గోడకి తొమ్మిదేళ్లు.

… ఎలా తెలుసేమిటి. కట్టింది నేను.

… ఆ, నేనే. మీ పెళ్లికి ముందు సంవత్సరం. రాళ్ల అంచులు సుత్తితో చిదిపి, మసినీళ్లు పూశాం. నాచు పట్టాలని సందుల్లో ఎరువు కూరాం.

… మోసమే. అనండి. ఫోనులో బొమ్మ చూసి మూడొందల ఏళ్లు నమ్మినవాళ్లు మీరు.

… పాతదా కొత్తదా అని కాదయ్యా నా గొడవ. ఎప్పుడూ వినరు, ఇవాళైనా వినండి.

రాతిగోడకి మధ్యమధ్య పొడుగు రాయి వెయ్యాలి. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా. రెండు పొరల్నీ పట్టి ఉంచేది అదే. అది లేకపోతే గోడ కాదు, పేర్చిన రాళ్లు. కింద రెండు వరసలకి వేశాను. ఆ పైకి పొడుగు రాళ్లు రాలేదు. ప్రారంభం పది రోజుల్లో. కానివ్వు మేస్త్రీ, అన్నాడు మేనేజరు. కానిచ్చాను.

… పద్నాలుగడుగుల ఎత్తు.

… సాకా? రావడం ఇష్టం లేకపోతే రానని చెప్తాను. దానికోసం గోడ కట్టాలా.

… కిందటి వానల తర్వాత బస్సులోంచి చూశాను. మధ్యలో పొట్ట వచ్చింది. నెలలు నిండిన మనిషిలా ఉంది.

… ఎవరికి చెప్పాలి? మేనేజరుకి తెలిసిందేగా.

… అవును. తప్పే. మీరు మెత్తగా అనక్కర్లేదు.

… అమ్మాయికి చెప్పకండి.

… సరే, చెప్పండి. మీ నాన్న కట్టాడని చెప్పండి.

…

మార్చేశారా. దీపస్తంభం వైపుకే. మంచిది.

… ఏమిటీ? … ఆ గదులు ఎవరికిస్తున్నారు? … మీ ఆఫీసులో మీ పక్క బల్ల ఆయనకి. … ఎప్పుడు వెళ్తున్నాడు? … ఎల్లుండి. పిల్లలతో.

… నోరు ముయ్యి.

… నిన్నే. మన పిల్లలు కాదుగా అని ఎలా అన్నావురా ఆ మాట? నీకన్నా ఆ మేనేజరు నయం. వాడు పిల్లల్ని చూడలేదు.

… నేను మటుకు? నేను మటుకు అంతే. తొమ్మిదేళ్లుగా అంతే. అందుకే అంటున్నా.

… ఆయనకి నువ్వు చెప్పు, ఇప్పుడే. ఆ రిసార్టు నంబరు నాకు చెప్పు.

… వినకపోతే మొదటి బస్సుకి వెళ్తా. గోడ ముందు కూచుంటా. ఎవడు లేపుతాడో చూస్తా.

… పోలీసులు పట్టుకుంటే పట్టుకోనీ. ఉండు, పెన్సిలు.

… నెమ్మదిగా చెప్పు. ఒక్కో అంకె. నీలాగ పెద్ద చదువులు కావు నావి.

… ఎనిమిది. … రెండు. … రెండు తర్వాత? … ఆ. … ఆ. … ఐదా, ఆరా? … ఐదు. … ఆ. రాశాను.

… ఎవరు మాట్లాడుతున్నారని అడిగితేనా? ఆ గోడ కట్టిన మేస్త్రీనని చెప్తా.

ఇంక పెట్టెయ్యి. నేను చెయ్యాలి.