పగడాల పడవ ఆఖరాట

"నాయనమ్మా, మీ రోజుల్లో నాటకాలంటే జనం పడి చచ్చేవాళ్ళంటగా. నువ్వూ వెళ్ళేదానివా?"

వెళ్ళేదాన్నా అంటావేంటే! ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినబడట్లా. ఆఁ. ఇట్టా దగ్గరికొచ్చి కూచో.

నాటకాలంటే ఇప్పుడు మీ కాలేజీల్లో పావుగంట వేస్తారే, అవి కాదమ్మడూ. పాటల నాటకాలు. మాటకంటే పాటే ఎక్కువ. హార్మణీ మొదలెట్టిందంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేసేవాళ్ళు. నాకు పెళ్ళయి చీరాల వచ్చిన ఏడు... ఉండు, ఆ ఏడు కాదు, ఆ మరుసటేడు, టెంటు నాటకాల కంపెనీ ఒకటి దిగింది మా ఊళ్ళో. అప్పటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది, ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలా. స్టేషను అవతల బీడులో పెద్ద డేరా వేశారు. నేల టిక్కెట్టు నాలుగణాలు. నాలుగణాలంటే ఏమనుకున్నావ్, ఇంటిల్లిపాదికీ కూరలొచ్చేయి.

ఆ కంపెనీ వాళ్ళు ముందు ఏవేవో ఆడారులే, జనం రాలా. తర్వాత 'పగడాల పడవ' అని ఒకటి కట్టారు. అంతే! ఊరు ఊరంతా డేరాలోనే. కథేంటంటే, వల్లిక అని ఒక పిల్ల. కొత్తగా పెళ్ళయింది. దాని మొగుడు దత్తుడు పగడాలు తెస్తానని పడవెక్కి సముద్రం మీద పోతాడు. ఇది ఒడ్డునే కూచుని పాడుకుంటా ఉంటది. ఆఖరికి వాడు పడవ నిండా పగడాలేసుకుని తిరిగొస్తాడు. ఒడ్డు కనబడతది, పెళ్ళాం కనబడతది, అప్పుడు గాలివాన లేస్తది. కళ్ళెదుటే పడవ మునిగిపోతది. మునిగేటప్పుడు దత్తుడు ఒక పద్యం అందుకునేవాడంట, "అలలారా, ఆమెకు నా మాట చెప్పండి" అని. ఆ రాగం తీస్తే డేరా గుంజలు కూడా ఊగేవని చెప్పేవాళ్ళు.

అంట, అంట అంటున్నానేంటని చూస్తున్నావా? అదేగా చెప్పబోయేది. నేను ఆ నాటకానికి చాలాసార్లు వెళ్ళా. ఆ ఆఖరు సీను మాత్రం ఒక్కసారీ చూళ్ళా!

మా అత్తగారు చూడనిచ్చేది కాదు. మా అత్తగారంటే మీ తాతయ్య వాళ్ళమ్మ, నాగరత్నమ్మ. నువ్వు ఫోటోలో చూశావుగా, నిలువెత్తు మనిషి, ముక్కుకి రెండు వైపులా బేసరి. ఆవిడకి ఆ నాటకమంటే ప్రాణం. పొద్దున్నుంచీ మగ్గాల పనే మాకు, నేను రాట్నం మీద నూలు కండెలు చుడతంటే ఆవిడ పక్కన కూచుని పడుగు నూలు ఆసు పోస్తా వల్లిక పాటలన్నీ పాడేది. మగ్గం మీద మీ తాత నాడె అటూ ఇటూ విసరటం కూడా ఆ తాళానికే! మా మామగారేమో "పాట నిదానమైతే నేత పల్చబడుతుందిరా, పాడితే జోరు పాటే పాడండి" అని కేకలు. అంత ఇష్టమా, మళ్ళీ నాటకంలో గాలివాన మొదలయ్యేసరికి, రేకు ఊపితే ఉరుములొస్తాయి చూడు, ఆ మొదటి ఉరుముకే లేచేది. "పదవే అమ్మాయ్" అనేది. కొత్త కోడల్ని, కూచుంటానంటే బాగుంటదా? ఆవిడ వెనకాలే కాళ్ళు తొక్కుకుంటా బయటికి రావటమే. వెనక నుంచి జనం ఏడుపులు, "వన్సు మోర్! వన్సు మోర్!" అని కేకలు. నాకేమో లోపల ఉడికిపోయేది.

ఒకనాడు మీ తాతని అడిగా, ఎందుకండీ అత్తయ్య అట్టా లేచొచ్చేస్తది అని. ఆయన నాడె పక్కన పెట్టి చెప్పారు. అత్తగారికి ఒక తమ్ముడుండేవాడంట. ఈవిడే పెంచింది, తల్లి లేకపోతే. వయసొచ్చాక రంగం పోయాడు. రంగం అంటే రంగూన్, బర్మాలో. ఓడెక్కి పోయాడు. యుద్ధమొచ్చింది. పోయినవాళ్ళలో కొంతమంది అడవుల్లో పడి నడిచొచ్చారు, కొంతమంది ఓడల్లో వచ్చారు, వాడు దేంట్లోనూ రాలా. చచ్చిపోయాడని కబురు కూడా రాలా. "మా అమ్మ ముందు మావయ్య మాటెత్తబాకు" అన్నారు. నేనెందుకెత్తుతా.

సరే, ఒకరోజు జట్కాబండికి మైకు కట్టుకుని, కాగితాలు విసురుకుంటా వచ్చారు కంపెనీ వాళ్ళు. "నేడే ఆఖరాట! పగడాల పడవ ఆఖరాట! రేపు కంపెనీ ఒంగోలు బయల్దేరుతుంది!" అయ్యో, ఆ ఆఖరు సీను ఇంక చూళ్ళేనే అనుకున్నా. మా వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగినయ్యి. నిజం! ఆ టకటకలు ఆగిపోతే వీధి ఎట్టానో ఉంది. మా అత్తగారు ఆసు వదిలేసి లేచింది. మామగారు "శనివారానికి చీరలియ్యాలే" అంటానే ఉన్నారు. ఆవిడ "శనివారం మళ్ళీ వస్తది, ఆఖరాట మళ్ళీ రాదు" అని పొయ్యి ముట్టించింది. నాలుగింటికల్లా వంటయిపోయింది.

నేనా రోజు కట్టుకున్న చీర చెప్పనా, మావిడి చిగురు రంగు, మన మగ్గం మీదే. జళ్ళో కనకాంబరాలు. పెళ్ళికి కూడా అంత ముస్తాబవలేదనుకో! నలుగురం బయటికొస్తే జనమమ్మా! వేటపాలెం నుంచి, బాపట్ల నుంచి రైల్లో వచ్చినవాళ్ళు, ఇంకొల్లు, పర్చూరు వైపు నుంచి ఎడ్లబళ్ళు కట్టుకొచ్చినవాళ్ళు. ఆ రైతులు బళ్ళలో మిరపకాయల గోతాలు పరుచుకుని వచ్చారు. ఆ గోతాలే మళ్ళీ డేరాలో కింద పరుచుకున్నారు. ఇంకేముంది, తుమ్ములు! ఎవరు చూసినా తుమ్ములే! హార్మణీ ఆయన కూడా తుమ్ముతానే వాయించాడు.

అబ్బే, ముందే చెప్పేస్తున్నా. లోపలికి పోవటమే కష్టమైంది మాకు. గేటు దగ్గర టిక్కెట్లు అయిపోయినయ్యన్నాడు. ఒక సన్నటి మనిషి ఉండేవాడు అక్కడ, మా అత్తగారిని గుర్తుపట్టాడు. "అమ్మా, మీరు ఎటూ చివరిదాకా ఉండరుగా. మధ్యలో లేచిపోయే అమ్మగారు మీరే కదూ? ఇయ్యాల్టికి వేరేవాళ్ళని చూడనియ్యండమ్మా" అన్నాడు.

నేను అత్తగారి మొహం చూశా. కోప్పడతదనుకున్నా. కోప్పళ్ళా. కొంగు నడుముకి బిగించి, "ఇవాళ ఉంటా" అంది.

వాడు గేటుకి అడ్డం కట్టిన తాడెత్తాడు.

ఇవాళ చూడబోతున్నానా ఆ సీను! కానీ ఈవిడ తట్టుకుంటదా అని ఒక పక్క భయం. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఇరుక్కుని కూచున్నాం, హార్మణీకి ఇంత దగ్గర. తెర లేచింది. ఆ రోజు పాడారు చూడూ! ఆఖరాట కదా, గొంతులు దాచుకునే పని లేదు. వల్లిక పాట అందుకుంటే జనం మొత్తం అందుకున్నారు. ఆ పిల్ల ఒక చోట పాడటం ఆపేసి అట్టా చేతులు జోడించి నిలబడింది, పాట మేమే పూర్తి చేశాం! ఎన్ని నోళ్ళో! బెంచీల మీద కూచున్న పెద్ద పెద్దవాళ్ళు కూడా పాడారు. నా పక్కనావిడ ఎవరో తెలీదు, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తంది. పూలు విసిరేవాళ్ళు, కండువాలు విసిరేవాళ్ళు... ఒకాయన విసిరిన కండువా పోయి గాస్ లైటు మీద పడితే, దాన్ని తియ్యటానికి కాసేపు నాటకం ఆపారు కూడా.

అప్పుడు ఉరిమింది. రేకు.

మా అత్తగారి మోకాలు కదిలింది. లేస్తదనుకున్నా. లేవలా. నా మణికట్టు పట్టుకుంది, అంతే. గాజులు గుచ్చుకుంటున్నాయి, అయినా ఊరుకున్నా.

నీలం గుడ్డలు పట్టుకుని అటొకరు ఇటొకరు ఊపుతుంటే అవే అలలు. ఆ గుడ్డల మధ్యలో చెక్క పడవ, పడవలో దత్తుడు. పచ్చటి పిల్లాడు, మీసాలు పెన్సిలుతో గీసుకున్నాడు, దగ్గర్నుంచి తెలుస్తానే ఉంది. అయినా ఏడుపొచ్చేసింది నాకు! పద్యం అందుకున్నాడు. "అలలారా..." అని ఆ రాగం పైకి తీస్తా తీస్తా, మెల్లిగా గుడ్డల కిందికి పోయాడు. చెయ్యొక్కటే పైన. తర్వాత చెయ్యి కూడా పోయింది. వల్లిక ఒడ్డున కూలబడింది.

డేరా అంతా ఒక్కసారే "వన్సు మోర్!"

అప్పట్లో అది మామూలే. చచ్చినవాడైనా సరే, జనం వన్సు మోర్ అంటే లేచి పాడాల్సిందే. దత్తుడు గుడ్డల కింద నుంచి లేచాడు, జుట్టు సవరించుకున్నాడు, మళ్ళీ పాడాడు, మళ్ళీ మునిగాడు. మళ్ళీ వన్సు మోర్! మళ్ళీ లేచాడు పాపం, ఆయాసపడతా.

అప్పుడు మా అత్తగారు నా చెయ్యి వదిలేసింది. లేచి నిలబడింది. ఆవిడ ఎత్తు చెప్పాగా, డేరా అంతటికీ కనబడతది. గొంతెత్తి ఒక్క అరుపు అరిచింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఇంక పాడబాకు! ఎటూ లేచావుగా, ఒడ్డుకొచ్చెయ్యరా!"

హార్మణీ ఆగిపోయింది.

నేను సిగ్గుతో చచ్చిపోయా ముందు. మగవాళ్ళ వైపు మామగారున్నారు, మీ తాతున్నారు! కానీ వెనకాల నుంచి ఎవరో ముసలాయన "అవున్రా, వచ్చెయ్!" అన్నాడు. ఆ మిరపకాయల రైతులు లేచారు. "రావాలి! ఒడ్డుకి రావాలి!" ఇంక చూస్కో, డేరా పైకి లేచిపోతదేమో అన్నట్టు! నేనూ లేచా. నేనూ అరిచా. కొత్త కోడల్నని కూడా మర్చిపోయి, "రా! రా!" అని!

దత్తుడు బిక్కమొహం వేసుకుని పక్కకి చూశాడు. అక్కడ తెర పక్కన కంపెనీ ముసలి యజమాని వద్దు వద్దని చేతులూపుతున్నాడు, ఆయనే రాసింది నాటకం. పిల్లాడు ఆయన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. చూసి, ఆ గుడ్డల్ని రెండు చేతుల్తో ఇట్టా పక్కకి నెట్టుకుంటా, నడిచాడమ్మా! సముద్రంలో నడిచాడు! గుడ్డలూపే వాళ్ళు ఊపటం మానేశారు. వల్లిక లేచి నిలబడింది. దానికి ఈ సీనుకి పాట లేదు, మాట లేదు. వాడొచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో తెలీక, ఆ పిల్ల మామూలు మాటలో, మన ఇళ్ళల్లో అన్నట్టే, "ఇంతసేపా?" అంది.

అంతే. అంతే! ఇంకేం వినబడలా. ఏడుపులు, ఈలలు, తుమ్ములు అన్నీ కలిసిపోయినయ్యి. మా అత్తగారు కూచుని కొంగులో మొహం పెట్టుకుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలీలా. భుజాలు ఊగుతున్నాయి.

ఇంటికొచ్చేటప్పుడు ఆవిడే మాట్లాడింది, దారి పొడుగూతా. తమ్ముడి గురించే. వాడికి చింతచిగురు పప్పంటే ఎట్టా ఇష్టమో, దొంగతనంగా జాంకాయలు కోసి ఎట్టా దొరికిపోయాడో. అన్నేళ్ళలో ఆ పేరెత్తటం అదే మొదలంట. మీ తాత నా పక్కన నడుస్తా కళ్ళు తుడుచుకున్నారు.

పొద్దున్నే గారెలొండింది. డేరా విప్పుతుంటే తీసుకుపోయాం ఇద్దరం. యజమాని మొహం అటు తిప్పుకున్నాడు, దత్తుడు మాత్రం చేతులు కడుక్కుని వచ్చి కూచున్నాడు. రంగు తుడిచేస్తే ఎంత చిన్నవాడో. గారెలు తింటున్నాడు, మా అత్తగారు వాణ్ణే చూస్తంది. ఉన్నట్టుండి, "నీకు ఈతొచ్చా నాయనా?" అంది.

"రాదమ్మా. మాది పొదిలి దగ్గర. ఈదటానికి నీళ్ళేవి మాకు?" అన్నాడు వాడు నోట్లో గారె పెట్టుకునే.

"అయితే నేర్చుకో" అంది. వేళాకోళమనుకుని వాడు నవ్వాడు. ఆవిడ నవ్వలా. దాంతో వాడు కూడా నవ్వాపి, "అట్టాగేనమ్మా" అన్నాడు.

తర్వాత నెలకో, ఎప్పుడో, ఒంగోలు నుంచి మా వాళ్ళెవరో వస్తే అడిగాం, నాటకం ఎట్టా ఉందని. బ్రహ్మాండంగా ఆడుతుందంట, జనం ఏడవని రోజు లేదంట. పడవ రోజూ మునుగుతూనే ఉందన్నమాట! నాకు ప్రాణం ఉసూరుమంది. మా అత్తగారు మాత్రం తల కూడా ఎత్తకుండా, ఆసు పోసుకుంటానే, "ఒంగోలోళ్ళు అరిచి ఉండరులే" అంది.

ఆఁ... అదీ సంగతి. నీకేంటే కళ్ళు అట్టా మెరుస్తున్నాయ్? ఇట్టా రా, తల వంచు. చల్లగా ఉండు తల్లీ. ఆవిడ గొంతు నీకూ రావాలి.