పిడికిలి వద్దన్నందుకు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న గోపయ్య గారికి, మన విలువిద్యా సంఘం కార్యదర్శి రాఘవేందర్ గారికి, ఈ ఎండలో ఆరాంఘర్ ట్రాఫిక్ దాటుకొని వచ్చిన పెద్దలకు, నా దగ్గర వెదురు విల్లు పట్టిన ప్రతి ఒక్కరికీ ఈ కుర్మయ్య నమస్కారం.

ఇంతసేపు నన్ను పొగిడారు, సంతోషం. శిక్షకుడిగా ఈ శంషాబాద్ మైదానంలో నేను చెప్పింది ఒకటే మాటని, అదే చెప్పి చెప్పి మీ ప్రాణం తీశానని నా పాత శిష్యుడు మొగులయ్య ఇందాక అన్నాడు. (నవ్వులు) నిజమే. విల్లును పిసకొద్దు. బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద విల్లు ఆనాలి, మిగతా వేళ్లు ఊరికే తాకాలి, పిడికిలి బిగించారంటే బాణం వదిలేటప్పుడు విల్లు మెలి తిరిగి ఒక బాణం ఎడమకు, ఇంకొకటి కుడికి పోతుంది. అందుకే చివరి రెండు వేళ్ల కింద ఒక వేపాకు పెట్టించేవాణ్ని. బాణాలు వేశాక చెయ్యి తెరిస్తే ఆకు నలగకుండా ఉండాలి. నలిగితే మళ్లీ మొదటికి. అప్పుడు మీరు నన్నెంత తిట్టుకున్నారో నాకు తెలియదనుకోకండి. (నవ్వులు)

(విమానం చప్పుడుకు ఆగి) పోనివ్వండి... ఇక్కడిదాకా మర్యాద. ఇగ అసలు మాట చెబుతాను, గోపయ్య గారు మన్నించాలి.

ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీలు నెట్టే మన సునీల మీకందరికీ తెలుసు. పొద్దంతా ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకునే చేతికి పట్టు వదలడం నేర్పాలంటే మాటలా? ఏడాది పట్టింది. మొన్న షాద్‌నగర్‌లో మన జట్టుకు ఎంపిక పోటీలు జరిగితే జ్వరం వల్ల నేను పోలేకపోయాను. మొదట సునీల వేసిన బాణాలన్నీ నడిమధ్యనే పడ్డాయట. అప్పుడు కార్యదర్శి గారు ఆమె చేతిలో ఆకు చూశారు. "ఏంది గిది, మంత్రమా? పోటీల గిట్ల ఆకులు పెట్టుకుంటరా?" అని అందరి ముందు అడిగి, ఆకు తీసి పారేశారు. విల్లు జారిపోయేటట్టు ఉంది, ఫొటోలో బాగుండదు, గట్టిగా పట్టుకొమ్మన్నారు. పెద్దమనిషి చెప్పాడని ఆమె పిడికిలి బిగించింది. బాణాలు చెల్లాచెదురైతే జట్టులోంచి పేరు తీసేశారు.

అంతటితో పోయిందా? సునీల మంత్రాలు చేస్తుందన్న మాట ఆమె కంటే ముందు ఊరు చేరింది. వాళ్లమ్మ లీలమ్మను చర్చి గేటు దగ్గర నిలబెట్టి అడిగారు. ఆమె నా ఇంటికొచ్చి, "నీ ఆకు తోటి నా బిడ్డకు చెడ్డపేరొచ్చె అన్నా. ఇగ నువ్వే తుడువాలె" అంది. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

రాఘవేందర్ గారూ, ఇన్నాళ్లు ఇదే మైదానంలో తిరిగారు గదా, ఆ ఆకు ఎందుకని ఒక్కసారైనా నన్ను అడిగారా? తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే ఒక ఆడపిల్ల మీద నింద వేయడం తప్పు. మీరు నాకిచ్చిన ఈ జ్ఞాపికలో విలుకాడు కూడా పిడికిలే బిగించాడు. (నవ్వులు) నవ్వకండయ్యా, నాకు నవ్వు రావడం లేదు.

గోపయ్య గారూ, ఆ శాలువా మడత విప్పకండి. జట్టు ఇంకా బయలుదేరలేదు, ఎంపిక చేసిన పెద్దలు ముందు వరుసలోనే కూర్చున్నారు. సునీలను తనకు వచ్చిన పద్ధతిలో ఇంకోసారి వేయనివ్వండి. నెగ్గుతుందో లేదో ఆమె బాణాలే తేలుస్తాయి. కానీ నింద సంగతి బాణాలు తేల్చవు. లీలమ్మ చెల్లె అదిగో, హాలు తలుపు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రమ్మంటే రాలేదు. కార్యదర్శి గారు ఆమెను చూస్తూ, అది మంత్రం కాదు, నాకే తెలియలేదని అందరికీ వినపడేటట్టు చెప్పాలి.

ఇన్నాళ్లు నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. ఆయన ఆ మాట అనేదాకా మాత్రం నేను సెలవు అడగను. ఇదిగోండి మైకు.