ఇసుర్రాయి కాడ ఇద్దరు

ఏమంటివి రూతమ్మా? దునియా ఖతమయ్యే దినాలొచ్చినయని ఫోన్ల జూసినప్పటి సంది నిద్ర పడుతలేదా? మీ కాలంల గూడ గిట్ల భయపడ్డరా అవ్వా అంటున్నవా? రాండ్రి బిడ్డలారా, ఆ ఎనుక గోడకు ఆనుకున్నోళ్లు గూడ జర ముందటికి జరుగుండ్రి. నా గొంతు ఇంకా గట్టిగనే ఉంది గని, ముచ్చట మొకాలు జూసుకుంట చెప్తేనే రుచి.

భయపడ్డమా? మేము భయపడ్డ తీరు ఇంటె మీరు కడుపు పట్టుకోని నవ్వుతరు.

నేను కోడలుగ వచ్చిన కొత్త. బగ్దల్ అవతల మా అత్తగారి ఊరు. మా అత్త సుందరమ్మ. ప్రార్థన జేస్తె ఇంటి పెంకులు కదలాలె, మనిషి గట్లాంటిది. అప్పట్ల బగ్దల్ల పిండి పట్టే గిర్ని ఉండె. కిలకు ఐదు పైసలేమో... కాదు కాదు, పది పైసలు. ఐదు పైసలు మా అమ్మగారి ఊర్లె. ఏదైతేంది, ఆ పైసలు ఎవలిస్తరు? ఇంట్ల ఇసుర్రాయి ఉండంగ. తొలికోడి గూసిందంటె వాడకట్టంత గర్ గర్ గర్ అని జొన్నలు ఇసిరే సప్పుడే. మీరు ఇసుర్రాయి జూసిండ్రో లేదో. ఇద్దరు ఆడోళ్లు ఎదురెదురుగ కూసోని, ఒక్కటే పిడిని ఇద్దరు పట్టుకోని తిప్పాలె. ఒక్కదానితోని అయ్యే పని కాదది. రెక్కలు పడిపోతయ్.

ఆ యేడు మా చర్చి గుడి కాడ మూడు రోజులు ప్రార్థన కూటాలు వెట్టిండ్రు. జహీరాబాద్ దిక్కు నుంచి ఒక బోధకుడు వచ్చిండు. మస్తు గొంతు ఆయనది. ప్రభువు మల్లొచ్చే రాకడ గురించి చెప్పుకుంట చెప్పుకుంట ఆఖరి దినం ఒక మాట జెప్పిండు. ప్రభువు వచ్చే గడియల ఇద్దరు ఆడోళ్లు ఇసుర్రాయి కాడ ఉంటరు, ఒకామెను తీసుకపోతరు, ఒకామెను ఇడిచిపెడ్తరు అని. వాక్యంల ఉన్నదే చెప్పిండు, తప్పేం లేదు. గని ఇన్నది ఎవలు? దినాం ఇసిరేటోళ్లం మేము. మాకు ఆ మాట మా ఇంటి తలుపు కొట్టి చెప్పినట్టే అయింది.

తెల్లారి నేను లేసేసరికి మా అత్త ఒక్కతే కూసోని ఇసురుతుంది. చెమటలు కారుతున్నయ్. నేను పోయి ఎదురుంగ కూసున్న. పిడి మీద చెయ్యి ఏసిన్నో లేదో, "నువ్వు జరుగు పిల్లా" అన్నది. పిండి బరకగ ఇసురుతున్నననేమో అనుకున్న. కాదట. కొత్త కోడలివి, ఇంకా ఎవల్తోని కొట్లాడలేదు, పాపం జేసే ఎసులుబాటే దొరకలేదు నీకు, ఇయ్యాల గిన ప్రభువు వస్తె నిన్నే పరలోకానికి తీసుకపోతడు, నేను మిగులుత అని లోపట్లోపట గొణిగింది.

ఇగ వాడకట్టంత గదే. అక్క చెల్లెతోని కూసోదు. తోడికోడలు తోడికోడలితోని కూసోదు. గుడిల వాక్యం జెప్పే పాస్టరు అయ్యగారి భార్యతోని అయితె ఇసుర్రాయి ఉన్న అర్రలకే ఎవలు పోరు. అప్పుడు ఎవలికి తట్టిందో ఏమో గని, ఒక ఉపాయం తట్టింది. ఒకామె పోవాలె ఒకామె ఉండాలె కదా, ఉండిపోయేది పక్కా అని తెలిసినదాని ఎదురుంగ కూసుంటె మనకు రంది లేదు, బేఫికర్ అని.

గట్లాంటిది ఎవలు మా వాడకట్ల? బాలమ్మ.

బాలమ్మ గూడ బాప్తిస్మం తీసుకున్నదే. పెనిమిటి సచ్చిపోయినంక ఏదో మాట మీద గుడోళ్లతోని తగాద పడ్డది, మల్ల గుడి మెట్టు ఎక్కలేదు. కల్లు తాగేది. నోరు తెరిస్తె అయ్యగారి కోడిపుంజును గూడ వావి వరస పెట్టి తిట్టేది. యేండ్ల సంది ఒక్కతే ఇసురుకుంటుండె, ఎదురుంగ కూసునే మనిషి లేక. గసొంటి బాలమ్మను "మా ఇంటికి రా అక్క" అంటె "మా ఇంటికి రా వదినె" అని గుంజుకపోవుడు షురువైంది. ఆమె తెల్లచీర ఉతికి కట్టుకోని వస్తుండె. నాలుగు దినాలు ఒక్క తిట్టు ఇనవడలే. మాకే ఏదో వెలితి అనిపించింది.

మా అత్త వంతు వచ్చింది. నేను పక్కకు జొన్నలు చెరుగుతున్న. బాలమ్మ ఇసురుకుంట ఇసురుకుంట చెప్తుంది. మీరందరు నన్ను మల్ల యాది జేసుకున్నరు వదినె, నా కడుపు సల్లగైంది, ఈ ఆదివారం గుడికొస్త, సక్కగ ఉంట అని. చెప్పి, రాయిల ఇంకో పిడికెడు జొన్నలు పోసి అడిగింది.

"గని వదినె, అందరు నన్ను ఇసురటానికే ఎందుకు పిలుస్తుండ్రు?"

మా అత్త మొకం జూడాలె మీరు. నిజం జెప్తె బాలమ్మ గుడికి రాదు, మనిషే దక్కదు. అబద్ధం ఆడితె, అబద్ధమాడిన నోటితోనే ఉండంగ ప్రభువు వస్తె ఎట్ల? పిడి తిరుగుతనే ఉంది, ఆమె లెక్కలు ఏసుకుంటనే ఉంది. ఆఖరికి నిజమే జెప్పింది. ఉన్నదున్నట్టు.

రాయి ఆగింది. ఇగ ఈ పూట తిట్లతోని మా ఇల్లు కూలుతది అనుకున్న నేను. తిట్టలే. చేతి పిండి దులుపుకోని లేసి నిలవడ్డది.

"ఆయన ఇంకా రానేలేదు వదినె. మీరే ముందు ఇడిచిపెడ్తిరి నన్ను."

గంతే. పోయింది.

మా అత్త ఆ పూట రొట్టె ముట్టలే. ప్రార్థనకు మోకరించింది గని పెంకులు కదలలే. పొద్దుగూకంగ మాపటీలి లేసి, మిగిలిన జొన్నలు చాటల వోసుకోని, రా పిల్లా అని నన్ను ఎంట తీసుకోని బాలమ్మ ఇంటికి పోయింది. ఆమె ఒక్కతే ఇసురుతుంది. మా దిక్కు సూడలే. మా అత్త పిలుపు లేకుంటనే ఎదురుంగ కూసోని, పిడి మీదున్న బాలమ్మ చేతి మీద తన చెయ్యి ఏసింది.

"ఏంది వదినె, ఈసారి ఎవలు పోతరు, ఎవలుంటరు?" అన్నది బాలమ్మ, తల ఎత్తకుంట.

"నాకు ఎరుక లేదు బాలమ్మ. నిన్ను తీసుకపోతుంటె నేను నీ చెయ్యి ఇడువ. నన్ను తీసుకపోతుంటె నువ్వు నా చెయ్యి ఇడువకు."

బాలమ్మ అప్పుడు తల ఎత్తి మా అత్తను కిందికెల్లి మీదిదాక జూసింది. మా అత్త దొడ్డు మనిషి.

"నిన్ను పట్టుకుంటె నేను గూడ కిందనే ఉంట వదినె. దేవదూతలకు నడుం పడుతది."

అయ్యో, ఆ నవ్వు! ఇద్దరు నవ్వుకుంట ఏడుసుకుంట ఇసిరిన పిండి అది. ఆ పూట రొట్టెలు జర ఉప్పగున్నయంటె నమ్ముతరా?

ఆదివారం వచ్చింది బాలమ్మ. మా అత్త పక్కన కూసున్నది. పాట ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. ఎనుకకు తిరిగి సూసినామెను అక్కడనే ఒక మాట అన్నది గూడ. అననీ. మనిషి వచ్చింది, గది గావాలె. ఆ దినం సంది మా వాడకట్ల ఆడోళ్లు జతలు మార్సుకున్నరు. ఎవలింట్ల ఒక్కతే ఇసురుకునే రాయి సప్పుడు ఇనవడితె, దగ్గరున్నామె లేసి పోయేది.

రాకడ నిజం బిడ్డా. నేను గూడ దినాం ఎదురుజూస్తున్న. ఎప్పుడన్నది ఆయన ఎవలికి చెప్పలే, నాకు చెప్పలే, మీకు చెప్పలే. గని ఆయన ఎనుక నడిచేటోళ్లు ఆ దినందాక ఏం జెయ్యాలెనో మా అత్త ఆ మాపటీలి చేసి సూపెట్టింది. మీరు నా ముచ్చటంత మర్సిపోయినా మంచిదే, ఆ ఒక్క పని మర్వకుండ్రి. ఎవలు పక్కన కూసోరో, ఆమెకాడికి పిలువకున్నా పోండ్రి, ఎదురుంగ కూసోండ్రి, చేతి మీద చెయ్యి ఏయుండ్రి. రేపు ఒకపారి, ఎల్లుండి మల్లొకపారి. మీ చేతులు సల్లగుండ, ప్రభువు వచ్చినప్పుడు అవి ఇంకోల్ల చెయ్యి పట్టుకోని ఉండాలె.