క్యూ, జెడ్, పొడుగు తోక పిట్ట

మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. కోతలు కూడా కోస్తాడు. ఇంట్లో అయితే ఆ కోతలు మూడో అబద్ధం దాటవు. మా అమ్మాయి దాటనివ్వదు. "ఆగు మామయ్యా" అని అక్కడికక్కడే గాలి తీసేస్తుంది.

ఇప్పుడు అది తలకి కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉంది. బండి మీంచి పడింది. ఆపరేషన్ అయింది. కళ్ళు తెరిచింది. మాట మాత్రం లేదు. మాటలు ఎంతవరకు మిగిలాయో అది నోరు విప్పితే తప్ప చెప్పలేమన్నాడు డాక్టరు. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుతూ ఉండండి అన్నాడు.

నేను దాని దుప్పటి సర్దాను. అన్నయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కాలు నొప్పి తగ్గిందా పెద్దమ్మా?" అని పక్క మంచం మీద ఆవిడతో మొదలుపెట్టాడు. "అయితే ఇది వినండి. మా మేనకోడలు పరీక్షలకి ఇంగ్లీషు మాటలు చదువుతుంది లెండి. ఏవో రెండక్షరాలు తీసుకోవడం, ఆ రెండూ ఉన్న మాటలన్నీ అర్థాలతో సహా ఒకచోట పోగేయడం, అదీ దాని పద్ధతి. ఆ పద్ధతి దానికి నేర్పిందెవరనుకుంటున్నారు?"

"ఎవరు నాయనా?"

"మీ ఎదురుగానే ఉన్నాడు."

ఒకటి, అనుకున్నాను. మంచం వైపు చూశాను. అది పైకప్పు చూస్తోంది.

"ఒకసారి ఒక పెద్ద కాలేజీలో లిఫ్టు ఆగిపోయిందని పిలిచారు. నన్ను చూడగానే లిఫ్టు దానంతటదే బాగుపడిందనుకోండి, అది వేరే సంగతి. పైన హాల్లో మాటల పోటీ. క్యూ, జెడ్ రెండూ ఉన్న మాటలు చెప్పాలి. ప్రొఫెసర్లంతా తలలు పట్టుకు కూర్చున్నారు. నేను గుమ్మంలోంచే 'క్విజ్' అన్నాను. అంటే ప్రశ్నల పోటీ. వాళ్ళు ఆడుతున్నదే అది, ఒక్కడికీ తట్టలేదు! 'స్క్వీజ్' అన్నాను. అంటే పిండడం, నిమ్మకాయైనా సరే, తడిబట్టైనా సరే. 'క్వార్ట్జ్' అన్నాను. అదొక రాయి, గోడ గడియారం లోపల ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కప్పు ఇచ్చుంటారు" అన్నాడు పెద్దావిడ అల్లుడు. టైలరట. ఇందాకటినుంచీ అన్నయ్య చొక్కా కుట్టు వంకే చూస్తున్నాడు.

"కప్పెందుకు బాబూ, అధ్యక్షుడిని లేపి ఆయన కుర్చీ ఇచ్చారు."

మూడు దాటిపోయాయి. ఎవరూ ఆపలేదు.

"కూర్చున్నానా, 'బెజీక్' అన్నాను. ఇద్దరు ఆడే పేకాట. డిక్షనరీలో లేదన్నారు. పెద్దది తెమ్మన్నాను. నలుగురు మోసుకొచ్చారు. నేను చెప్పే వేగానికి పేజీలు తిప్పేవాళ్ళ వేళ్ళు బొబ్బలెక్కి ఇద్దరు ఈ ఆసుపత్రిలోనే చేరారు. కావాలంటే సిస్టర్‌ని అడగండి."

సెలైన్ సీసా మార్చడానికొచ్చిన నర్సు, "నేనప్పుడు సెలవులో ఉన్నానండీ" అంది నవ్వకుండా.

"చూశారా, కాదనలేదు! ఆఖరికి 'క్వెట్జల్' అన్నాను. అదొక పిట్ట పెద్దమ్మా. ఆకుపచ్చది. ఒంటికంటే తోక పొడుగు. పేరు పెట్టి పిలిచాను కదా, కిటికీలోంచి వచ్చి నా భుజం మీద వాలింది!"

"అబ్బో! తోకెంత నాయనా?"

"ఏమని చెప్పను, పిట్టేమో పదకొండో అంతస్తులో నా భుజం మీద, తోక చివరేమో ఇంకా కింద వాచ్‌మన్ కుర్చీ దగ్గర."

"అంత పొడుగు గుడ్డ ఉంటే వీధి వీధంతటికీ చొక్కాలు కుట్టేయొచ్చు" అన్నాడు టైలరు.

అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. అప్పుడు గమనించాను. ప్రతి అబద్ధం తర్వాతా కాసేపు ఆగుతున్నాడు. అమ్మాయి అడ్డొచ్చే చోటు అది. ఆ చోటు ఖాళీగా వదిలి మంచం వైపు చూస్తున్నాడు. ఏమీ రాకపోతే ఇంకా పెద్దది ఎత్తుకుంటున్నాడు.

"'క్విజికల్' అన్నాను. 'వీడు చెప్పేది నమ్మొచ్చా' అన్నట్టు కనుబొమ్మ ఎత్తి చూస్తారే, ఆ చూపు. పిట్ట నన్ను అలాగే చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎవడో లిఫ్టు మీట నొక్కాడు. తోక తలుపుల మధ్య ఇరుక్కుంది. పిట్ట ఒకటే ఏడుపు, నన్ను బయటికి తియ్యండి, తియ్యండి అని. నేను ఒక చేత్తో లిఫ్టుని ఆపి, ఇంకో చేత్తో బిల్డింగుని కాస్త పక్కకి జరిపి..."

ఆగాడు. అంతకంటే పెద్ద అబద్ధం అన్నయ్య దగ్గర లేదు.

కట్టు కింద అమ్మాయి కనుబొమ్మ కదిలింది.

"పిట్ట... కాదు."

చాలా సన్నగా. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను.

"లిఫ్టులో ఇరుక్కుంది... పిట్ట కాదు మామయ్యా. నువ్వు."

అన్నయ్య మంచం మీదకి వంగాడు.

"ఆ మాటలన్నీ... తలుపు బయటినుంచి... నేను చెప్పా. నువ్వు ఏడుస్తుంటే."

నిజమే. అది మా ఇంటి లిఫ్టే. బాగుచేయడానికొచ్చి అందులోనే ఇరుక్కున్నాడు. తలుపు తీసేదాకా ఇది మెట్ల మీద కూర్చుని మాటలూ అర్థాలూ చెబుతూనే ఉంది. అన్నీ గుర్తున్నాయి దానికి.

"అయితే ఆ పిట్టవి నువ్వేనా నాయనా!" అంది పెద్దావిడ. నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది.

అన్నయ్య చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"కాదు. పిట్టే" అన్నాడు.

"నువ్వే."

"పిట్టే. నేను తోక కూడా చూశాను."

"నువ్వే... కోతల మామయ్యా."

"ఏదీ, ఇంకోసారి అను?"

"నువ్వే. నువ్వే."

డాక్టరు గబగబా వచ్చాడు. చేతిలో టార్చిలైటు. "ఏమైనా మాట్లాడిందా?" అని అడిగాడు.

నేను కమ్మీ వదిలి ఆయనకి అడ్డంగా నిలబడ్డాను.

"కాసేపు ఆగండి డాక్టరు గారూ. పోట్లాడుకుంటున్నారు."