కుడి తీగ, ఎడమ తీగ

అర్జెంటీనాలోని బరిలోచె భౌతికశాస్త్ర ప్రయోగశాలలో భార్యాభర్తలు నెలీదా, ఫెర్మీన్ ఒకే గిన్నెలో మాతే అనే ఆకు టీ మార్చి మార్చి తాగుతున్నారు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే ప్రయోగం. పేరు మాత్రం ఆవిడకే వచ్చింది. అది ఫెర్మీన్‌కి మింగుడుపడటం లేదు.

"మళ్ళీ అడుగుతున్నా. నిన్న సాయంత్రం రెండు డిటెక్టర్ల నుంచి లెక్క యంత్రానికి వచ్చే తీగలు మార్చావా?"

"మార్చానన్నాను కదా."

"కుడిది ఎడమకి, ఎడమది కుడికి?"

"ఇంకెలా మారుస్తారు నెలీదా?"

"అయినా యంత్రం ఎడమ గడిలోనే లెక్క ఎక్కువ చూపించిందా?"

"ఎడమ గడిలోనే."

"కేంద్రకం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు నిజంగా ఎడమకి మొగ్గితే, తీగలు మార్చాక ఆ ఎక్కువంతా కుడి గడిలో పడాలి."

"పడలేదు. అంటే మొగ్గింది ఎలక్ట్రాన్లు కాదు, మన యంత్రం. వదిలెయ్యి."

"ఆరేళ్ళు, ఫెర్మీన్."

"ఆ ఆరేళ్ళూ నేనూ ఉన్నాను. ఎవరికీ గుర్తున్నట్టు లేదు గానీ."

"ప్రకృతికి కుడీ ఎడమా ఒకటి కాదని ఎప్పుడో తేలింది. ఈ కేంద్రకంలో ఇంత తేడా ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. అసలు ఇలాంటి తేడాలే లేకపోతే పదార్థమూ, ప్రతిపదార్థమూ ఒకదాన్నొకటి తుడిచేసుకునేవి. మనం మిగిలేవాళ్ళమే కాదేమో."

"ఇదేనా బ్రెజిల్‌లో, కాంపీనాస్ శాస్త్రవేత్తల సభలో చెబుదామనుకున్నది? బావుంది. చప్పట్లు కొట్టేవాళ్ళు."

"ఏడుపా?"

"నాకెందుకు ఏడుపు? ఇదిగో గిన్నె. థాంక్స్, ఇక చాలు."

"ఒక్కసారికే థాంక్సా? ఫ్లాస్కు ఖాళీ అయితే గాని ఆ మాట అనవు నువ్వు."

"కడుపులో బాగోలేదు."

"పెళ్ళిలో ఏమన్నావు? నీ చోట నేను, నా చోట నువ్వు ఉన్నా ఏ తేడా రాదన్నావు."

"వచ్చిందిగా తేడా. ఆహ్వానం నీ ఒక్కదాని పేర వచ్చింది. ఈ కేంద్రకంలో వెతుకుదామన్నది నేను. ఆ సభలో నీ వెనక వరసలో కూర్చోవాల్సింది కూడా నేనే."

"అందుకని?"

"అందుకని ఏమీ లేదు. తీగలు మార్చాను, ఏ మార్పూ రాలేదు, అంతే."

"తీగ బిగించిన చోట కాగితం పట్టీ చుట్టి, తారీఖు వేసి, సంతకం చేస్తాను కదా. అది చింపకుండా ఎవరూ తీగ విప్పలేరు."

"తెలుసు. మన గదిలో పద్ధతే."

"పొద్దున చూశాను. ఆదివారం నేను చుట్టిన పట్టీ అలాగే ఉంది."

"నేను కొత్తది చుట్టి ఉంటాను."

"నా సంతకంతోనా?"

"సరే. మార్చలేదు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. మారిస్తే నువ్వు చెప్పిందే నిజమని తేలుతుంది. ఓర్వలేకపోయాను. చాలా?"

"ఇందాక నేనే మార్చాను. ఎక్కువంతా కుడి గడిలోకి వెళ్ళింది."

"ఇంకేం మరి. వెళ్ళి చెప్పుకో."

"నేను వెళ్ళడం లేదు. మొదటి ఆలోచన నీది, మాట్లాడాల్సింది నువ్వేనని మొన్ననే సభవాళ్ళకి రాశాను. సరేనన్నారు."