మేఘన కోసం ఉపవాసం

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఇంకా కదలలేదు. పాస్టరుగారి భార్య పక్కన సంఘంలోని ఒకావిడ కూర్చుని కొంగు నలుపుకుంటోంది.

“అమ్మగారూ, ఒక తప్పు ఒప్పుకోవాలండి.”

“చెప్పమ్మా.”

“పోయిన శుక్రవారం స్త్రీల కూడికలో, మేఘన అనే అమ్మాయికి దయ్యం పట్టింది, ప్రార్థన చేయండని అడిగాను కదండి?”

“అవును. ఇరవై మందిమి సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.”

“ఆ మేఘన మా బంధువు కాదండి. టీవీ సీరియల్లో అమ్మాయి. ఏడుపు ఆగక లేచి చెప్పేశాను.”

“నాకు తెలుసమ్మా.”

“తెలుసా! మరి అందరిచేతా ఉపవాసం ఎందుకు చేయించారండి?”

“ఆ దయ్యం మామూలు ప్రార్థనకి లొంగేదా? సోమవారం వదిలి పోయిందిగా!”

“పోయిందండి! నిన్న మాత్రం మాకు కరెంటు లేక చూడలేదు.”

“నిన్న ఆ తిక్కమొహంది, అందరూ వద్దంటున్నా మళ్ళీ ఆ దయ్యం గది తాళం తీసింది.”

“అయ్యో! ఇంత కష్టపడి వదిలిస్తే! ఎందుకు తీసిందండి?”

“లోపల పట్టుచీర మర్చిపోయిందట. మళ్ళీ పట్టేసింది.”

“ఇప్పుడెట్టాగండి?”

“ఎల్లుండి శుక్రవారమేగా, మళ్ళీ ఉపవాసముందాం. పాస్టరుగారైతే అప్పటిదాకా ఆగలేనని ఇవాళ పొద్దున్నే టిఫిన్ మానేశారు.”