ఎర్ర లైటు ఆరేదాకా

నా అసలు పేరు ఈ స్టేట్‌మెంట్ కాగితంలో రాయనని ఇన్‌స్పెక్టర్ మేడం మాటిచ్చారు. ఇంట్లో చిట్టి అంటారు. వయసు పదహారు. పదకొండో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవగలను, రాయడం సరిగా రాదు. అందుకని నేను చెబుతుంటే మేడం రాస్తున్నారు. అమ్మ పక్క కుర్చీలో ఉంది. బయట కూర్చోమంటే కూర్చోనంది.

శుక్రవారం పోలీసులకి నేను చెప్పింది అబద్ధం. గురువారం నాలుగు నుంచి ఆరు వరకు మ్యాథ్స్ ట్యూషన్‌లో ఉన్నానన్నాను. ఐదుంపావుకి గానీ నేను అక్కడికి వెళ్ళలేదు.

చనిపోయింది మా పిన్ని. అమ్మకి సొంత చెల్లెలు. హోటళ్ళలో జాజ్ పాడేది. రెండేళ్ళ కిందట గొంతుకి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కింది స్వరాలు బాగానే పలికేవి, పైకి వెళ్తే గొంతు చీలిపోయేది. ఇది అమ్మకి తెలీదు. ఇప్పుడే వింటోంది.

పిన్ని ఒక ఆల్బమ్ చేస్తోంది. పదకొండు పాటలు. ఎవరూ పెద్దగా పాడని పాత పాటలే ఏరింది. ఎందుకని అడిగితే, "అందరికీ తెలిసిన పాటైతే మొదటి లైన్లోనే పోల్చి చూస్తారే. ఇవి ఎలా ఉండాలో ఎవడికి తెలుసు?" అంది. ఎనిమిది తను పాడింది. పైకి వెళ్ళేవి మూడు నేను పాడాలి. కవర్ మీద పేరు తనదే. నేనే ఒప్పుకున్నాను, బలవంతం ఏమీ లేదు. "నీది నా గొంతుకి జిరాక్స్ కాపీ. కాకపోతే ఇంకు కాస్త ఎక్కువ పోశారు" అని నవ్వేది.

సంగతి తెలిసింది స్టూడియోలో రికార్డింగ్ చేసే సౌండ్ అంకుల్ ఒక్కరికే. ఎవరికీ చెప్పనని పిన్నికి ఒట్టు వేశారు. ఆయన్నే మీరు నాలుగు రోజులుగా లోపల ఉంచారు.

స్టూడియో ప్రింటింగ్ ప్రెస్ పైన ఉంటుంది. రెండు గదులు, మధ్యలో శబ్దం దాటని అద్దం. ఒక గదిలో రికార్డింగ్ మెషీన్, ఇంకో గదిలో మైకు. మైకు మీద ఎర్ర లైటు. పిన్ని పద్ధతి ఏంటంటే, లైటు వెలిగాక ఆపకూడదు. "తప్పు పోయినా ఆపకు. పాట అయిపోతే మళ్ళీ ఎత్తుకో. లైటు నేను ఆర్పేదాకా పాడుతూనే ఉండు. అందులోంచి మంచిది నేను ఏరుకుంటాను" అనేది. ఒకసారి తుమ్మి ఆపేశానని గంట సేపు నాతో మాట్లాడలేదు.

గురువారం నాలుగుంపావుకి వెళ్ళాను. హెడ్‌ఫోన్ వైరు తెగిందని పిన్ని అంకుల్‌ని బజారుకి పంపింది. "త్వరగా రా. నీ టీ చల్లారిపోతే నాదే తప్పంటావు" అంది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు. వాళ్ళిద్దరూ గొడవ పడలేదు. ఇది రాయండి మేడం. గొడవ పడలేదు.

పిన్ని చెయ్యి రుద్దుకుంటోంది. ఎడమ చెయ్యి. ఏమైందంటే, "పక్క మీద వంకరగా పడుకున్నాలే, నువ్వు పద" అంది.

అద్దానికి తెర ఉంటుంది. అది నేనే వేశాను. ఎవరైనా చూస్తుంటే నేను పాడలేను. "సిగ్గు చూడు దీనికి" అంది పిన్ని. నేను విన్న ఆఖరి మాట అదే.

4:22కి లైటు వెలిగింది. మొదటిసారి పాడుతుండగా సగంలో కాళ్ళ కింద నేల అదిరింది. కింద ప్రెస్సు మెషీన్ అనుకున్నాను. ఆపలేదు. పాట అయిపోయింది. లైటు ఆరలేదు. మళ్ళీ పాడాను. ఆరలేదు. నచ్చలేదేమో, ఇంకా బాగా పాడాలేమో అనుకున్నాను. ఐదుసార్లు పాడాను. ఐదోసారి చాలా బాగా వచ్చింది.

రికార్డింగ్ చివర్లో "ఇక చాలా?" అని ఒక గొంతు ఉంది. అది పిన్ని గొంతనీ, అంకుల్‌ని అడుగుతోందనీ, అంటే ఆయన గదిలోనే ఉన్నారనీ మీరు రాసుకున్నారు. 4:51 దాకా పాడిన మనిషి చేతులు, ఐదింటికి నువ్వు బజారు నుంచి వచ్చి చూసేసరికే ఎలా చల్లబడ్డాయని ఆయన్ని అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు. ఎలా చెబుతారు? ఒట్టు వేశారు కదా. ఆ గొంతు నాది. పిన్నిని అడిగాను.

జవాబు రాకపోతే తెర తీశాను. కుర్చీ ఖాళీగా ఉంది. అటు గదిలోకి వెళ్ళాను. బల్లకీ గోడకీ మధ్య పడి ఉంది. బల్ల అంచుకి రక్తం ఉంది. తల అక్కడే తగిలి ఉంటుంది. ఎవరూ కొట్టలేదు. పిన్నీ అని పిలిచాను. ముట్టుకోలేదు. ఊపిరి ఉందో లేదో చూడలేదు.

లైటు నేనే ఆర్పాను. ఎందుకో తెలీదు. బ్యాగు తీసుకుని వెనక మెట్ల మీంచి దిగిపోయాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎవరికీ చెయ్యలేదు. చేస్తే అక్కడెందుకున్నావని అమ్మ అడుగుతుంది. ట్యూషన్‌కి వెళ్ళి రెండు లెక్కలు చేశాను. రెండూ కరెక్టే వచ్చాయి.

పడిన వెంటనే ఎవరైనా చూసి ఉంటే బతికేదా అని డాక్టర్‌గారిని అడిగి చెప్పమన్నాను. అది ఈ కాగితంలో రాసేది కాదన్నారు మేడం.

అమ్మ మధ్యలో రెండుసార్లు, "దీనికి మతి పోయింది, ఏదేదో వాగుతోంది. రాయకండి" అంది. అంకుల్ మీద కంప్లయింట్ ఇచ్చింది అమ్మే. మేడం నన్ను పాడమన్నారు. రెండు లైన్లు పాడాను. అమ్మ, "చాలు, ఆపవే" అంది.

రాసినదంతా మేడం నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఈసారి ఏదీ దాచలేదు. నన్నెవరూ బెదిరించలేదు. సౌండ్ అంకుల్ ఏ తప్పూ చేయలేదు.

సంతకం: చేశాను.

తల్లి సంతకం: అమ్మ స్కూల్ టీచర్. పెన్ను మూడుసార్లు పట్టుకుంది, సంతకం పడలేదు. ఎడమ బొటనవేలి ముద్ర వేసింది.